తినే కాగితం మీద బొమ్మ
(ఉగాది ఉత్సవాల మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వంటింటి మనిషిని. ఉపన్యాసాలు అలవాటు లేవు. కేకు మీద అతికించే తినే కాగితం గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

కాగితం తినడమేమిటని కొందరు నవ్వుతారు. మరి మన ఆత్రేయపురం పూతరేకు ఏమిటండీ? బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు లేచివస్తుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇక్కడి వేఫర్ పేపరు ఆ రేకుకు దూరపు చుట్టమే. బంగాళాదుంపల నుంచి తీసిన పిండి, నీళ్లు, కాస్త నూనె, అంతే. రెండో రకం ఐసింగ్ షీటు. అందులో పిండితోపాటు పంచదార కూడా ఉంటుంది. అది మెత్తగా ఉండి కేకు పైపూతలో కలిసిపోతుంది.

ఇంక్‌జెట్ యంత్రంలో సిరాకు బదులు తినే రంగులు పెట్టి వీటిమీద అచ్చువేస్తారు. ఆ యంత్రాన్ని మొదటినుంచీ ఈ పనికే ఉంచాలి. మామూలు సిరా వాడినదాన్ని కడిగి వాడుకోవచ్చుననుకోకండి. ఆ రంగుల్లో తెలుపు ఉండదు, కాగితం తెలుపే తెలుపు. అందుచేత చాక్లెట్ కేకుమీద నేరుగా వేఫర్ పేపరు పెడితే బొమ్మ మసకబారుతుంది. కింద తెల్లని పూత ఉండాలి. శాకాహారులు డబ్బామీద ఇ 120 అని ఉందేమో చూసుకోవాలి. అది పురుగులనుంచి తీసే ఎరుపు.

ఇక నా అనుభవం. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజు పడింది. ఆవిడ ఫోటో వేఫర్ పేపరుమీద వేయించి, ముందురాత్రే కేకుకు అతికించి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి తడికి కాగితం ముడతలుపడి, బొట్టు ముక్కుమీదికి పాకింది. అదృష్టంకొద్దీ రెండో కాగితం ఉంది. దాన్ని చుట్టాలు రావడానికి గంట ముందు పల్చగా జామ్ రాసి అతికించాను. చక్కగా కుదిరింది.

కాని అసలు చిక్కు అప్పుడే వచ్చింది. అమ్మ చాకు పట్టుకోగానే మా చిన్నవాడు "అమ్మమ్మని కొయ్యొద్దు!" అని ఏడుపు లంకించుకున్నాడు. "ఇక్కడే ఉన్నాగా నాన్నా" అందిగాని, ఆవిడకూ చెయ్యి ఆడలేదు. చుట్టూ అంచులే కోసి పంచాం. నడుమ మొహం అలాగే మిగిలిపోయింది. తినడానికి మనసొప్పదు, పారేయడం అంతకంటే తప్పు.

ఆ రాత్రి అమ్మ అంది: "నా మొహం ఎందుకే? ముగ్గు వేయిస్తే సరిపోయేదిగా. బియ్యప్పిండి ముగ్గు చీమలు తినడానికేగా వేసేది!"

అప్పటినుంచీ మా ఇంట్లో పెద్దవాళ్ల పుట్టినరోజు కేకుమీద ముగ్గే. ఫోటో తప్పదంటే విడిగా పంచదార పలకమీద అతికించి పెడతాను, కోసేముందు ఎత్తి పక్కన పెట్టవచ్చు.

ఆ మిగిలిన ముక్క ఏమైందంటారా? మర్నాడు మేం లేవకముందే అమ్మ కాఫీతో తినేసింది. "నా మొహం నేనే తిన్నాను, ఇక మీకు బెంగలేదు" అంది.