‘నో’ అన్న వరుసలు చదవండి

పట్టభద్రులైన మీ అందరికీ అభినందనలు.

మన జంషెడ్‌పూర్ కార్ఖానాలో 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ తయారైంది. ఆ తర్వాత పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాయి, కద్మాలో కాపురాలు పెట్టాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, క్లాసులో ఇంగ్లీషు మీలో చాలామందికి పుట్టినప్పటి నుంచీ అలవాటే. అందుకే మీకు ఒక పని అప్పగిస్తున్నాను. మెటలర్జీ చదివినవారికైనా కామర్స్ చదివినవారికైనా ఒకటే పని: గ్నూ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను సోర్స్ కోడ్ నుంచి మీ చేతులతో కంపైల్ చేసుకోండి.

తయారుగా దొరుకుతుంటే ఈ తంటా ఎందుకంటారా? నిజమే, ఒక్క కమాండుతో అది మీ కంప్యూటర్‌లోకి వస్తుంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన ఈ ఎడిటర్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కానీ తయారుగా వచ్చిన వస్తువులో ఏమేం పెట్టారో, ఏమేం వదిలేశారో పైకి కనిపించదు. కంపైల్ చేసేటప్పుడు కనిపిస్తుంది.

సోర్స్ దించుకుని, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, కాన్ఫిగర్ అనే స్క్రిప్టును నడపండి. సి కంపైలర్ ఉందా, ఫలానా లైబ్రరీ ఉందా అని అది మీ కంప్యూటర్‌ను ఆరా తీస్తుంది. గ్నూటీఎల్ఎస్ అనే భద్రతా లైబ్రరీ దొరకకపోతే అక్కడే ఆగిపోయి, ఏది లేదో పేరుపెట్టి చెబుతుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే: లైబ్రరీ ఉందిగా, లేదంటుందేమిటి? ప్రోగ్రాం నడవడానికి లైబ్రరీ చాలు. కంపైల్ చేయడానికి దాని హెడర్ ఫైళ్లు కూడా కావాలి. ఉబుంటు, డెబియన్‌లలో అవి చివర ‘డెవ్’ అని ఉండే వేరే ప్యాకేజీలో ఉంటాయి. అది వేసుకుంటే బండి కదులుతుంది. ఈ రకం ఎర్రర్ గొంతెత్తి అరుస్తుంది కాబట్టి దానితో పేచీ లేదు.

పేచీ అరవనిదానితో. కాన్ఫిగర్ ముగిసేటప్పుడు ఒక జాబితా వస్తుంది: ఇది వాడుతున్నామా, యస్; అది వాడుతున్నామా, నో. అందులో హార్ఫ్‌బజ్ అనే పేరు వెతకండి. అక్షరాలను ఒత్తులతో, గుణింతాలతో సరిగ్గా కూర్చే లైబ్రరీ అది. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి ఈమాక్స్ దాన్ని వాడుతోంది. దాని ఎదురుగా నో అని ఉన్నా స్క్రిప్టు ఆగదు. మీరు మేక్ అనే కమాండు ఇస్తారు. ముందు టీమాక్స్ అనే వట్టి ప్రోగ్రాం తయారవుతుంది, అది లిస్ప్ భాషలో రాసిన ఫైళ్లను తనలో నింపుకుని ఈమాక్స్ అవుతుంది. కిటికీ తెరుచుకుంటుంది, ఇంగ్లీషు చక్కగా టైపవుతుంది. పని అయిపోయిందనిపిస్తుంది.

అప్పుడు కంట్రోల్ హెచ్ నొక్కి, మళ్లీ ఒక్క హెచ్ నొక్కండి. రకరకాల భాషల పలకరింపుల ఫైలు వస్తుంది. అందులో తెలుగు నమస్కారం ఉంది. హార్ఫ్‌బజ్‌గానీ, అంతకుముందు ఆ పని చేసిన పాత లైబ్రరీలుగానీ లేకపోతే, స కింద చేరాల్సిన క ఒత్తు చేరదు. పొల్లు ఒకచోట, క ఒకచోట విడివిడిగా నిలబడతాయి.

ఇందులో ఎవరి కుట్రా లేదు. ఏది లేకపోతే ఆపాలో, ఏది లేకపోయినా పోనివ్వాలో రాసినవాళ్లు నిర్ణయించుకున్నారు. ఇంగ్లీషుకు ఒత్తులు అక్కర్లేదు, హార్ఫ్‌బజ్ లేకుండానూ ఎడిటర్ నడుస్తుంది. ఆ నిర్ణయం సోర్స్‌లోనే రాసి ఉంది. మీరు చదవవచ్చు, కావాలంటే మార్చవచ్చు.

ఉక్కు ఊరివాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఫాస్ఫరస్ ఎక్కువైనంత మాత్రాన కొలిమి ఆగిపోదు. ఉక్కు ఎప్పటిలాగే మెరుస్తూ పారుతుంది. చలికి పెళుసెక్కి విరిగినప్పుడు తెలుస్తుంది. అందుకే పోతపోయకముందే శాంపిల్ ల్యాబ్‌కు వెళుతుంది.

రేపు మీరు చేరే ఆఫీసుల్లోనూ ఇలాంటి జాబితాలే ఉంటాయి. ఇంటిపేరు ముందు రాసే మన పేర్లను తలకిందులు చేసే ఫారాలు మీకు ఎదురయ్యే ఉంటాయి. ఆ ఫారం ఎక్కడా ఆగలేదు, ఎర్రర్ ఇవ్వలేదు. దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లతో అది సవ్యంగా పనిచేసింది కూడా. తేడా ఎవరికి తగులుతుందో వాళ్లకే కనిపిస్తుంది; వాళ్లు ఆ ఫారం తయారయ్యే గదిలో ఉంటేనే మాట బయటికి వస్తుంది. మూడు భాషల మధ్య పెరిగిన మీకు ఆ చూపు చదువుతోపాటే అబ్బింది. దాన్ని ఉద్యోగంలో దాచుకోకండి.

కాబట్టి రెండు మాటలు పట్టుకెళ్లండి. ఒకటి: మేక్ అనే ముందు జాబితా చివరిదాకా చదవండి, అంతా బాగుందన్న రిపోర్టులో ‘నో’ అన్న వరుసలు ముందు చూడండి. రెండోది ఇంకా ముఖ్యం: కొన్నేళ్లలో ఆ స్క్రిప్టులూ ఫారాలూ రాసేది మీరే. ఏది లేకపోతే పని ఆపాలో తేల్చాల్సిందీ మీరే. మీకు అక్కర్లేనిది ఇంకెవరికో ప్రాణావసరం కావచ్చు, ఆ వరుస దగ్గర గట్టిగా అరిచే ఎర్రర్ పెట్టండి.