ఇంటి పరీక్ష, రచ్చ పరీక్ష



ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు ఈ సామెతను విన్నవారు కారు గాని, దాని యర్థమును తమ ఎన్నికల పద్ధతిలో నొక నియమముగా నేర్పరచుకొనిరి. ఒక పక్షము తరఫున ఎవ్వరు నిలువవలెనో పక్షనాయకులు నలుగురు గదిలో గూర్చుండి నిర్ణయించుట అచ్చట చాలదు. మొదట ఆ పక్షమువైపు మొగ్గు గల వోటరులే వోట్లు వేసి తమ యభ్యర్థిని ఎన్నుకొందురు. ఈ తొలి యెన్నికకు ప్రైమరీ యని పేరు. ఇందు గెలిచినవాడు తరువాత నెదుటి పక్షమువానితో సాధారణ ఎన్నికలో పోరాడును. మొదటిది ఇల్లు, రెండవది రచ్చ.

ఈ పద్ధతి మిక్కిలి ప్రాచీనమైనది కాదు. విస్కాన్సిన్ రాష్ట్రమున రాబర్టు లా ఫాలెట్ అను గవర్నరు పట్టుదలవలన 1903లో దీనికి శాసనము పుట్టి, 1904లో ప్రజల యామోదమును పొందెను. అయినను అధ్యక్షపదవి విషయమున 1968 వరకు పక్షపు పెద్దల మాటయే చెల్లుచుండెను. ఆ సంవత్సరమున హ్యూబర్టు హంఫ్రీ ప్రైమరీలలో పోటీ చేయకయే డెమోక్రాటిక్ పక్షపు అభ్యర్థి యగుటచే గొప్ప యలజడి కలిగెను. నియమములు మార్చబడెను. 1972 మొదలుకొని ప్రైమరీలలో గెలుచుటయే అభ్యర్థిత్వమునకు రాజమార్గ మయ్యెను.

అప్పటినుండి ప్రతి పర్యాయమును అచ్చటి ప్రజలలో నొక వివాదము పుట్టుచున్నది. ముందంజలో నున్న యభ్యర్థిని గూర్చి, “ఈతడు చాలినంతగా పరీక్షింపబడెనా?” యని కొందరు సందేహింతురు. “పరీక్షించినది చాలును, మనవానిని మనమే తూలనాడినచో శత్రువులకు కత్తి యిచ్చినట్లగు” నని మరికొందరు వారింతురు. ఈ రెండు మాటలలో నేది సత్యమో, చాలినంత పరీక్ష యనగా నెంతయో, జరిగిన కథలను బట్టి విచారించుటయే నేటి నా ప్రసంగవిషయము.

మొదట 1988వ సంవత్సరపు కథను వినుడు. మసాచుసెట్సు రాష్ట్రపు గవర్నరు మైకేల్ డుకాకిస్ డెమోక్రాటిక్ పక్షమున ముందంజలో నుండెను. ఆ రాష్ట్రమున ఖైదీలకు వారాంతమున కొంత సెలవిచ్చి చెరసాలనుండి వెలికి పంపు నొక పద్ధతి యుండెను. హత్యానేరమునకు యావజ్జీవశిక్ష ననుభవించుచున్న ఖైదీ యొకడు 1986 జూన్‌లో అట్లు వెలికివచ్చి మరల పోలేదు. 1987 ఏప్రిల్‌లో అతడు మేరీలాండు రాష్ట్రమున నొక యింట జొరబడి ఘోరకృత్యములు చేసెను. మసాచుసెట్సు రాష్ట్రపు చిన్న పత్రిక యొకటి యీ విషయమును పట్టు విడువక ప్రకటించుచు వచ్చి, ఆ కృషికై 1988లో పులిట్జర్ బహుమానమును గూడ పొందెను. కావున విషయము దాగియున్నది కాదు.

1988 ఏప్రిల్‌లో న్యూయార్కు ప్రైమరీకి ముందు జరిగిన వాదసభలో, తోడి పోటీదారుడగు ఆల్బర్టు గోర్ ఈ సెలవుల సంగతి యెత్తి డుకాకిస్‌ను ప్రశ్నించెను. ఆయన క్లుప్తముగా బదులు చెప్పి దాటిపోయెను. సభ మరియొక విషయమునకు సాగెను. గోర్ ఆ ప్రైమరీలో మూడవ స్థానమున నిలిచి పోటీనుండి తప్పుకొనెను. ప్రశ్నయు నాతనితోడనే మరుగుపడినదని డుకాకిస్ పక్షమువారు తలంచిరి.

మరుగుపడలేదు. ఎదుటి పక్షపు అభ్యర్థి జార్జి బుష్ తరఫున పరిశోధన చేయువారు ఆ వాదసభ వ్రాతప్రతిలో నా ప్రశ్నను చూచి మూలమును త్రవ్వి తీసిరి. వేసవిలో పదునేడు పాళ్లు ముందున్నట్లు లెక్కకు వచ్చిన డుకాకిస్, నవంబరులో పది రాష్ట్రములు మాత్రమే గెలిచెను. బుష్ నలువది గెలిచెను. ఓటమికి కారణములు పెక్కులు గలవు. ఇదియే కారణమనుట సరికాదు. కాని యీ ఖైదీ కథ యా యెన్నికలో నెంత మ్రోగెనో యెల్లరు నెరుగుదురు. బుష్‌కు అనుకూలమైన యొక వెలుపలి సంఘము ఖైదీ ముఖచిత్రముతో ప్రకటన చేసెను. అతడు నల్లజాతివా డగుటచే, ఆ ప్రకటన జాతిద్వేషమును రెచ్చగొట్టునదని పెద్ద నింద వచ్చెను.

ఇందు గమనింపదగిన దేమి? ఆ సెలవుల పద్ధతి 1972లో రిపబ్లికను గవర్నరు కాలముననే మొదలైనది. అట్టి సెలవులు ఇతర రాష్ట్రములందును కేంద్రప్రభుత్వపు చెరసాలలందును గలవు. ఇవి డుకాకిస్‌కు అనుకూలమైన యంశములు. మరియొక వైపున, ప్రథమశ్రేణి హంతకులకు సెలవు లీయరాదను బిల్లును 1976లో ఆయనయే త్రోసిపుచ్చెను. ఇది ప్రతికూలమైన యంశము. ఏప్రిల్ మాసమున, మిత్రుల నడుమ, కోపతాపములు లేని వేళ ఈ రెండు వైపులను ప్రజల యెదుట విప్పి చెప్పియుండినచో వోటరులు నిదానముగా తూచి చూచియుందురు. అడిగినవాడు గట్టిగా నిలిచి యడుగలేదు. విన్నవారు బదులు రాలేదే యని పట్టుపట్టలేదు. కావున నా యభ్యర్థి ప్రశ్నింపబడెను గాని పరీక్షింపబడలేదు. ప్రశ్న వేయుట వేరు, పరీక్ష ముగియుట వేరు. ముప్పదియేండ్లు పాఠశాలలో ప్రశ్నలు వేసిన నాకు ఈ భేదము చక్కగా తెలియును. బదులు రాని ప్రశ్న విద్యార్థిని విడిచిపెట్టదు; పై తరగతిలో ననుకూలుడు కాని పరీక్షకుని చేత మరల వచ్చును.

దీనికి ఎదురుగా 2008వ సంవత్సరపు కథ గలదు. బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటను అను నిరువురు డెమోక్రాటిక్ పక్షమున జనవరి మొదలు జూన్ వరకు పోరాడిరి. ఇంత దీర్ఘమైన యింటిపోరు పక్షమును చెరచునని యనేకులు వగచిరి. మార్చిలో ఒబామా చికాగోలో చేరియున్న చర్చి పాదిరి జెరెమయా రైటు చేసిన కఠోరప్రసంగములు టెలివిజనులో ప్రసారమై కలవరము పుట్టెను. ఒబామా దాటిపోలేదు. మార్చి 18వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున జాతిభేదములను గూర్చి సుదీర్ఘమైన ప్రసంగము చేసి తన సమాధానమును ప్రజల ముందుంచెను. పిదప పాదిరి మరల వివాదము రేపగా నాతనితో తెగతెంపులు చేసికొని, మే నెలాఖరున ఆ చర్చిని విడిచెను. ఆ సమాధానము కొందరికి చాలినది, కొందరికి చాలలేదు. అయిన నెల్లరును దానిని విని వోటు వేసిరి. ఎదుటి యభ్యర్థి జాన్ మెకెయిన్ ఆ విషయమును తన ప్రచారమున వాడకుండుట కూడ ఆయన పెద్దరికమునకు నిదర్శనము. నవంబరునాటికి అది పాతబడిన కథ. ఇంటిపోరు చెరచునని భయపడినవారి భయము నిజము కాలేదు.

ఇక పరీక్షయే లేని కథ. న్యూయార్కు రాష్ట్రమున లాంగ్ ఐలండు ప్రాంతమునుండి 2022 నవంబరులో జార్జి శాంటోస్ అను నాతడు ప్రతినిధిసభకు ఎన్నికయ్యెను. ఆ యేటి రిపబ్లికను ప్రైమరీలో ఆతనికి పోటీదారుడే లేడు; ఇంటిలో నడుగువాడు లేకపోయెను. నార్త్ షోర్ లీడర్ అను స్థానిక వారపత్రిక, ఆతని యాస్తి రెండేండ్లలో నంతగా పెరిగిన దెట్లని సెప్టెంబరులోనే సందేహించెను. పెద్ద పత్రిక లా మాటను చెవిని బెట్టలేదు. ఎన్నిక ముగిసిన పిమ్మట, డిసెంబరు 19న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆతని చరిత్రను పరిశోధించి ప్రకటించెను. తాను చదివితి నన్న కళాశాలలో చదువలేదు. పనిచేసితి నన్న గొప్ప సంస్థలలో పనిచేయలేదు. ఆ నెలలోనే యాతడు వీనిని ఒప్పుకొనెను. 2023 డిసెంబరు 1న ప్రతినిధిసభ 114 వోట్లకు ఎదురుగా 311 వోట్లతో ఆతనిని బహిష్కరించెను. 2024 ఆగస్టులో న్యాయస్థానమున నేరము నంగీకరించెను. 2025 ఏప్రిల్‌లో ఏడేండ్లకు పైబడిన శిక్ష పడెను; అదే యేడు అక్టోబరులో అధ్యక్షుడు ట్రంప్ దానిని తగ్గించి విడిపించెను. నిలిచిన రోజున ఒక యుత్తరము వ్రాసి కళాశాలను అడిగినచో తెలియు విషయము తెలియుటకు, ఆ ప్రాంతమువారు తమ వోటు నిచ్చివేసిన పిదప వరకు వేచియుండవలసి వచ్చెను.

ఈ మూడు కథలను బట్టి, చాలినంత పరీక్షకు నాకు మూడు గురుతులు తోచుచున్నవి. మొదటిది, అడుగువాడు తనవాడై యుండుట. శత్రువు అడిగిన ప్రశ్నను ద్వేషమని త్రోసివేయవచ్చును. మిత్రుడు అడిగినదానిని త్రోసివేయరాదు. రెండవది, బదులు మాటతో గాక సాక్ష్యముతో వచ్చుట. మూడవది, ఆ బదులును వోటరులు వోటు వేయుటకు ముందే వినుట. ఈ మూడును గలిగిన నాడు పరీక్ష ముగిసినదనవచ్చును. అటుపై నదే ప్రశ్నను మాటిమాటికి రేపుచుండుట పరీక్ష కాదు, వేధింపు. అట్లే పదవితో సంబంధము లేని గృహచ్ఛిద్రములను వెదకుట పరీక్ష కాదు, పరదూషణము. ఒక యభ్యర్థిని తూచిన రాతితోనే యెదుటివానిని గూడ తూచవలెననుట చెప్పనక్కరలేదు.

ఇది మనకు క్రొత్త విద్య యని తలపరాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మంత్రులను నియమించునపుడు ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటితో పరీక్షింపవలెనని విధించెను. వానికి ఉపధలని పేరు. ఆ పరీక్షను చేయువాడు శత్రురాజు కాడు, తన రాజే. కాంచీపురమునకు చేరువనున్న ఉత్తరమేరూరులో పరాంతక చోళుని నాటి, అనగా పదవ శతాబ్దపు, శాసనములు గలవు. గ్రామసభ సంఘములలో చేరగోరువారికి వయస్సు, భూమి, సొంత యిల్లు, చదువు మొదలగు నర్హతలు అందు చెక్కబడియున్నవి. పూర్వము సంఘమున పనిచేసి లెక్కలు చెప్పనివాడు, వాని బంధువులు గూడ, అనర్హులు. అర్హుల పేర్లు వ్రాసిన తాటాకులను కుండలో వేసి, బాలునిచే తీయించెడివారు. అదృష్టమునకు విడిచినది చివరి మెట్టు మాత్రమే. పరీక్ష ముందుగనే ముగిసెడిది.

నేడు మన దేశమున ప్రైమరీ లేదు. టిక్కెట్టు నిచ్చువారు పక్షనాయకులు. నామినేషను పత్రముల పరిశీలన యని యొక దినము గలదు గాని, ఆనాడు అధికారి చూచునది పత్రము సక్రమముగా నున్నదా యని మాత్రమే. అందలి మాటల సత్యమును త్రవ్వి చూచుట ఆయన పని కాదు. అయినను మన చేతికి నొక సాధనము దొరకినది. 2002, 2003 సంవత్సరముల సుప్రీముకోర్టు తీర్పులవలన, శాసనసభకు గాని లోకసభకు గాని నిలుచు ప్రతివాడును తన మీది కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రమున వ్రాసియీయవలెను. అందు అబద్ధ మాడినచో ఆరు మాసముల వరకు చెరసాల శిక్ష కలదు. కేసులున్నవానిని నిలిపిన పక్షము, గెలువగలడను నొక్క కారణము చాలదు, వాని నేల యెన్నుకొంటిమో ప్రకటింపవలెనని 2020 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానము శాసించెను.

ఈ పత్రములు ఎవ్వరైనను చూడవచ్చును. చూచువా రెందరు? ఊరిలో చదువు వచ్చిన పెద్దలు చూడకున్న మరెవ్వరు చూతురు? మన పక్షమువాడే కదా యని మనము కన్నులు మూసికొందుము. ఎదుటి పక్షమువాని పత్రమును భూతద్దముతో చూతుము. ఇది తలక్రిందులైన పద్ధతి. మొదట చదువవలసినది మనవాని పత్రము. అరుగుమీద పదుగురు గూర్చున్న వేళ దానిని పైకి చదివి, ఐదేండ్లనాటి పత్రముతో పోల్చి, పెరిగిన దేమి, పెరిగిన కారణమేమి యని వానినే పిలిచి మర్యాదగా నడుగుట ద్రోహము కాదు. సచ్చరిత్రుడైనచో వానికి సమాధానము చెప్పు నవకాశ మిచ్చినవార మగుదుము. కానిచో ఊరికి రాబోవు కీడును ముందే తప్పించినవార మగుదుము.

మనవాడు రచ్చలో తడబడినపుడు అయ్యో యని వగచుటకంటె, ఇంటిలో నొక ప్రశ్న యడిగి పంపుట మేలు. ఈ మాటను నమ్మి మీలో నే యొక్కరైనను రాబోవు ఎన్నికలో నట్లు అడిగినచో నా ప్రసంగము సఫలమైనదని తలంతును.