పద్దు పుస్తకం ఎవరి చేతిలో?

(మండల కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన తరగతిలో భూమి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి డబ్బు గురించి మాట్లాడమన్నారు. అడిగింది మన పిల్లలే. హైదరాబాదులో కంప్యూటర్ పని చేసే తమ్ముడొకడు సంక్రాంతికి వాడకొచ్చాడు. అంబేద్కర్ విగ్రహం అరుగు మీద కూర్చొని మమ్మల్ని నిలదీశాడు. "అన్నా, రూపాయిని సర్కారు ఇష్టానికి వదలొద్దని బాబాసాహెబ్ 1923లోనే రాశాడు కదా. బిట్‌కాయిన్ వాళ్లు చెప్పేదీ అదే. మరి మనం దూరంగా ఎందుకుండాలి?" అన్నాడు.

ఆ రోజు మేం జవాబు చెప్పలేకపోయాం. తెలియనిదాన్ని తిట్టి తప్పించుకోవడం మన పద్ధతి కాదు. చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. తేలిందేమిటో మీ ముందు పెడుతున్నాం.

ముందు ఆ మాట చెప్పేవాడు ఎవడో చూద్దాం. రోజర్ వేర్ అని అమెరికాలో, కాలిఫోర్నియాలో పుట్టినవాడు. 2011 నుంచి బిట్‌కాయిన్‌ను దేశదేశాలా ప్రచారం చేశాడు. కొత్తవాళ్లకు ఊరికే పంచిపెట్టాడు. అందుకే "బిట్‌కాయిన్ ఏసు" అని పేరొచ్చింది. ఈ పేరు చెబితే మన పేట పాస్టరయ్య, "మా ఏసయ్య జేబులో పైసా లేదురా నాయనా" అని నవ్వాడు.

ఈయనది లిబర్టేరియన్ రాజకీయం. మన మాటల్లో చెప్పాలంటే సర్కారు అనేదే బలప్రయోగం, పన్ను అనేదే దొంగతనం, ఇద్దరు ఇష్టపడి చేసుకునే బేరంలో మూడోవాడు వేలు పెట్టకూడదు. 2000లో ఆ పార్టీ తరఫున కాలిఫోర్నియా శాసనసభకు పోటీ చేశాడు. 2002లో లైసెన్సు లేకుండా పేలుడు సరుకు అమ్మిన కేసులో పది నెలల జైలు శిక్ష పడింది. తన రాజకీయాలు నచ్చకే తనను పట్టుకున్నారని ఆయన వాదన. అది నిజమో కాదో గానీ, పోలీసుల మీద ఆ కోపం మనకు కొత్తేమీ కాదు.

ఇక బిట్‌కాయిన్ అంటే ఏమిటి? మన తాతల కాలంలో షావుకారు దగ్గర పద్దు పుస్తకం ఉండేది. తాత వేలిముద్ర వేసేవాడు. షావుకారు ఒక సున్నా కలిపేవాడు. పుస్తకం ఒక్కటే, అది వాడి పెట్టెలోనే. అడిగే దిక్కు లేదు. ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. ఆ పుస్తకం నకలు ఊళ్లో ప్రతి గడపలోనూ ఉంది. ఎవడైనా ఒక్క అంకె మారిస్తే మిగతా పుస్తకాలు ఒప్పుకోవు. బిట్‌కాయిన్ అలాంటి పుస్తకం. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఒకరు తొమ్మిది పేజీల కాగితంలో ఈ పద్ధతి వివరించారు. ఆ పేరు వెనక మనిషెవరో ఈనాటికీ బయటపడలేదు. 2009 జనవరి 3న మొదటి పద్దు మొదలైంది. పెద్ద బ్యాంకులు జూదమాడి మునిగితే అమెరికా, ఇంగ్లండు సర్కార్లు జనం సొమ్ముతో వాటిని లేవనెత్తిన రోజులవి.

ఈ నాణేలు మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించవని ఆ ప్రోగ్రాంలోనే రాసిపెట్టారు. కొత్తవి పుట్టే వేగం నాలుగేళ్లకోసారి సగానికి తగ్గుతుంది. ఏ మంత్రీ, ఏ గవర్నరూ ఎక్కువ అచ్చు వేయలేడు. దీన్ని పట్టుకునే వేర్ లాంటివాళ్లు మూడు మాటలు చెప్తారు. యంత్రం అబద్ధమాడదు కాబట్టి మనిషిని నమ్మక్కర్లేదు. డబ్బు సర్కారు చేతి నుంచి జారితే యుద్ధాలకు, జైళ్లకు సొమ్ముండదు. అప్పుడు మనిషికి స్వేచ్ఛ వస్తుంది.

వీటిలో నిజమెంత? ఉన్న నిజాన్ని ముందు ఒప్పుకుందాం.

బాబాసాహెబ్ 1923లో లండన్‌లో అచ్చయిన రూపాయి సమస్య పుస్తకంలో, 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యంలో చెప్పిన సారం ఇదే. రూపాయలు ఎన్ని ఉండాలన్నది పాలకుల ఇష్టానికి వదిలితే ధరలు చెదురుతాయి. ధర పెరిగినంత వేగంగా కూలి పెరగదు. వ్యాపారి బాగుపడతాడు, కూలోడి కంచంలో ముద్ద తగ్గుతుంది. కాబట్టి రూపాయల తయారీకి గట్టి హద్దు ఉండాలన్నాడు. కీన్స్ వంటి పండితుడు మెచ్చిన ఏర్పాటునే తప్పుపట్టాడు. పిల్లవాడు చెప్పింది అబద్ధం కాదు.

2016 నవంబరు 8 రాత్రి గుర్తుందా? 500, 1000 నోట్లు చెల్లవన్నారు. దేశంలో తిరిగే నోట్ల విలువలో నూటికి 86 పాళ్లు ఒక్క మాటతో పోయింది. నల్లడబ్బున్నవాడు లైనులో కనిపించలేదు. కనిపించింది మన ముసలమ్మలు. కూలి డబ్బు చీర కొంగున కట్టుకొని, ఇది చెల్లదా అని ఏడ్చారు. అమెరికాలోనూ అంతే. బానిసత్వం పోయిన 1865లో నల్లవాళ్ల పొదుపు కోసమని ఫ్రీడ్‌మెన్స్ బ్యాంకు పెట్టారు. పైనున్నవాళ్లు అడ్డగోలుగా అప్పులిచ్చి 1874లో ముంచారు. 60 వేలకు పైగా ఖాతాదారులు దెబ్బతిన్నారు. సర్కారును, బ్యాంకును అనుమానించే హక్కు అందరికంటే మనకే ఎక్కువ.

మరి తేడా ఎక్కడొస్తుంది? మూడు చోట్ల వస్తుంది.

మొదటిది డబ్బు సంగతి. బాబాసాహెబ్ అడిగింది కూలోడి ముద్ద తగ్గకుండా నిలకడగా ఉండే రూపాయి. బిట్‌కాయిన్‌లో ఆ నిలకడ ఏది? 2021 నవంబరులో ఒక్కో నాణెం 69 వేల డాలర్ల దాకా పోయింది. ఏడాది తిరిగేసరికి 16 వేలకు పడింది. తర్వాత లక్ష కూడా దాటింది. పెరిగింది కదా అంటారు. ముసలమ్మకు మందులు కావలసింది అది పడ్డ నెలలో అయితే? సరుకు ఎన్ని ఉండాలో హద్దు పెడితే చాలదు, దాని విలువ కూడా నిలవాలి. ఈ తేడా మన పిల్లవాడు చూడలేదు.

ఇంకో సంగతి. 2010 మే నెలలో అమెరికాలో ఒకతను రెండు పిజ్జాల కోసం 10 వేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. అప్పట్లో అంత చవక. ముందొచ్చినవాడు దోసిళ్లతో తీసుకున్నాడు. వెనకొచ్చినవాడు గింజ గింజకూ బేరమాడాలి. ఈ కథ మనకు తెలీదా? ఊరి భూమికి పట్టాలు రాసిన రోజు ఎవరు ముందున్నారు? మనం ఎక్కడున్నాం? తుడపరాని పుస్తకం మంచిదే. కానీ అందులో మొదట రాసింది అన్యాయమైతే, అదీ తుడపరానిదే అవుతుంది.

రెండోది యంత్రం సంగతి. యంత్రానికి కులం లేదు, పక్షం లేదు అంటారు. అయితే బిట్‌కాయిన్ వాళ్లే 2017లో ఎందుకు చీలిపోయారు? పుస్తకంలో ఒక్కో పేజీ ఎంత పెద్దదుండాలి అని తగాదా. పేజీ పెద్దదైతే ఖర్చు తగ్గి పేదవాడు వాడుకుంటాడని వేర్ పక్షం. పేజీ పెరిగితే పెద్ద కంపెనీలే పుస్తకం మోయగలవని ఎదుటి పక్షం. ఆగస్టు 1న రెండు ముక్కలైంది. వేర్ బిట్‌కాయిన్ క్యాష్ వైపు పోయాడు. ఆ డిసెంబరులో అసలు బిట్‌కాయిన్‌లో ఒక్కసారి డబ్బు పంపడానికి సగటున 50 డాలర్ల దాకా రుసుము పడింది. పంపేది ఐదు డాలర్లయినా అంతే. యంత్రం తనంతట తాను ఏమీ తేల్చలేదు. మనుషులే తేల్చారు. ప్రోగ్రాం రాసేవాళ్లు, పెద్ద పెద్ద యంత్రాలు, కరెంటు ఉన్నవాళ్లు తేల్చారు. అది రాజకీయం కాదా? ఓటు మాత్రం మనకు లేదు.

ఆ పుస్తకాన్ని దొంగిలించలేరు నిజమే. కానీ నీ తాళం పోతే సొమ్ము పోయినట్టే. కలెక్టరు లేడు, కోర్టు లేదు. తాళం మోయలేక జనం మళ్లీ దళారి దగ్గరే పెట్టారు. జపాన్‌లోని మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసింది. 8 లక్షల 50 వేల నాణేలు గల్లంతయ్యాయని చెప్పింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలింది. ఎవర్నీ నమ్మక్కర్లేని డబ్బు అన్నారు. చివరికి నమ్మినవాళ్లే మునిగారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, స్వేచ్ఛ సంగతి. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలో తెల్లవాళ్లకే తిండి పెట్టే బల్ల దగ్గర కూర్చున్నారు. కాఫీ అడిగారు. ఇవ్వలేదు. చేతిలో డాలరుంది, అది చెల్లే డాలరే. చెల్లనిది మనిషి! 1964లో పౌరహక్కుల చట్టం వచ్చి అలాంటి బల్లలను తెరిపించింది. సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. సొంత వ్యాపారం చేసుకునేవాడి మీద ఢిల్లీ పెత్తనమేమిటి అన్నట్టు, వాషింగ్టన్ పెత్తనమేమిటి అన్నాడు. లిబర్టేరియన్లు చాలామంది ఈనాటికీ ఆ వాదనే చేస్తారు.

ఈ స్వేచ్ఛను మన ఊరికి తెచ్చి చూడండి. టీ కొట్టువాడు మనకు వేరే గ్లాసు పెట్టడం వాడి స్వేచ్ఛ. కిరాణా కొట్టువాడు బియ్యం అమ్మనంటే వాడి స్వేచ్ఛ. కూలికి పిలవనంటే ఆసామి స్వేచ్ఛ. ఊరంతా ఒకటై ఈ స్వేచ్ఛ వాడుకుంటే దాని పేరేమిటి? సాంఘిక బహిష్కరణ! 1991లో చుండూరులో ముందు జరిగింది అదే. ఆగస్టు 6న జరిగింది ఆ తర్వాత. అక్కడ మనవాళ్ల జేబులో రూపాయికి బదులు బిట్‌కాయిన్ ఉంటే బియ్యం దొరికేదా?

అట్లాగని సర్కారు మన తల్లి కాదు. 2014లో హైకోర్టు చుండూరు కేసులో శిక్షపడ్డ వాళ్లందరినీ వదిలేసింది. మరిచిపోలేదు. కానీ అదే సర్కారు మెడలు వంచితేనే, 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో బహిష్కరణ నేరమని రాయించగలిగాం. వేర్‌కు కనిపించే పెత్తందారు ఒక్కడే, సర్కారు. మనకు ఇద్దరు. ఒకడు కచేరీలో ఉంటాడు, ఇంకొకడు రచ్చబండ మీద ఉంటాడు. మొదటివాణ్ణి తీసేస్తే రెండోవాడు పోడు, ఇంకా బలుస్తాడు. 1947లో బాబాసాహెబ్ రాష్ట్రాలు-మైనారిటీలు అనే పత్రంలో సరిగ్గా ఇదే చెప్పాడు. రాజ్యం తప్పుకుంటే వచ్చే స్వేచ్ఛ ఎవరికి? కౌలు పెంచడానికి భూస్వామికి, కూలి కోయడానికి యజమానికి అన్నాడు. అందుకే కీలక పరిశ్రమలు, బీమా, వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలని, అదీ రాజ్యాంగంలోనే రాసిపెట్టాలని అడిగాడు. 1923 పుస్తకం ఒక్కటి చూపించి 1947 పత్రం దాచిపెడితే అది సగం అంబేద్కర్.

వేర్ 2014లో సెయింట్ కిట్స్ అనే చిన్న దేశం పౌరసత్వం పుచ్చుకొని అమెరికా పౌరసత్వం వదిలేశాడు. సర్కారు నచ్చకపోతే సర్కారునే మార్చుకున్నాడు. మనం వాడ మార్చుకోగలమా? పట్నం పోయి ఇల్లు అద్దెకడిగితే ముందు మీరెవరని అడుగుతారు. ఆయన్నీ సర్కారు వదల్లేదు. పన్ను కేసులో 2024లో స్పెయిన్‌లో అరెస్టయ్యాడు. 2025లో దాదాపు 5 కోట్ల డాలర్లు కట్టే ఒప్పందంతో కేసు ముగిసింది. సర్కారు నుంచి పారిపోవడం కోటీశ్వరుడికే కుదరలేదు!

ఇంకో వింత చూడండి. సర్కారు లేని డబ్బు అన్నవాళ్లు ఇప్పుడు సర్కారు గడపలోనే కూర్చున్నారు. 2021లో ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు బిట్‌కాయిన్‌ను చట్టం చేసి జనం మీద రుద్దాడు. అమెరికా నుంచి ఇళ్లకు పంపే డబ్బు కమీషన్ లేకుండా వస్తుందన్నారు. మన గల్ఫ్ అన్నలకైతే ఆ మాట తియ్యగానే ఉంటుంది. కానీ 2022లో అలా వచ్చింది నూటికి రెండు పాళ్లు కూడా లేదు. 2025 జనవరిలో, ఐఎమ్‌ఎఫ్ అప్పు కోసం ఆ బలవంతం తీసేశారు. అదే ఏడాది మార్చిలో ట్రంప్ అమెరికా ఖజానాలోనే బిట్‌కాయిన్ నిల్వ పెడతామని ఉత్తర్వు ఇచ్చాడు. రాజును దించుతామన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇక మన సంగతి. పక్క మండలంలో ఒక తల్లి డ్వాక్రా అప్పు తీసి కొడుక్కిచ్చింది. వాడు పెట్టింది అసలు బిట్‌కాయిన్‌లో కూడా కాదు. ఆ పేరు చెప్పుకున్న గొలుసు స్కీములో. ముగ్గుర్ని చేర్పిస్తే ఇంత, తొమ్మిదిమందిని చేర్పిస్తే ఇంత అన్నారు. వాడు వాడలోనే పదకొండు మందిని చేర్పించాడు. ఒక పొద్దున ఫోన్‌లో ఆ యాప్ తెరుచుకోలేదు. కొడుకు ఇంటికి రావడం మానేశాడు. తల్లి నెల నెలా కిస్తీ కడుతోంది. మమ్మల్ని ఒకటే అడిగింది. "వాళ్ల ఆఫీసు ఎక్కడుందో చెప్పండయ్యా, గుమ్మం ముందు కూర్చుంటా." మేం ఏ గుమ్మం చూపించాలి?

అందుకని కార్యకర్తలకు మా మాట ఇది. పిల్లల్ని తిట్టొద్దు. కంప్యూటర్ నేర్చుకోవద్దని అనొద్దు. చదువు మనకు అందనీయకుండా చేసినవాళ్ల మాట అది. కానీ ఎవరొచ్చి కొత్త డబ్బు అన్నా నాలుగు ప్రశ్నలు అడగండి. మొదట ఎవరి చేతికొచ్చింది? నియమం మార్చేది ఎవరు? పోతే ఏ గుమ్మం దగ్గర కూర్చోవాలి? ఇంకొకర్ని చేర్పించమని ఎందుకంటున్నారు? జవాబు రాకపోతే రూపాయి తీయొద్దు. అప్పు తెచ్చి అసలే పెట్టొద్దు. మోసపోయినవాళ్లుంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోనివ్వకండి. రసీదులు, ఫోన్‌లో మెసేజీలు దాచిపెట్టి, అందరినీ కలిపి స్టేషన్‌కు తీసుకెళ్లండి.

ఎవరూ సున్నా కలపలేని పద్దు పుస్తకం మనకూ కావాలి. సంఘం లెక్క, ఉపాధి కూలి లెక్క, పట్టాల లెక్క గోడ మీద రాయించి అందరూ చదివేలా చేద్దాం. అది వచ్చే నెలలోనే మొదలుపెట్టాలి. వచ్చే తరగతికి ఆ తమ్ముణ్ణి కూడా పిలిచాం. రూపాయి సమస్య పుస్తకం గురించి అతనే చెప్తానన్నాడు. రెండో పత్రం కూడా చదువుకొని రమ్మన్నాం.

జై భీమ్.