ఇంటి ఫోను, సొంత పరికరం
(ప్రసంగ పాఠం)



కోయంబత్తూరు, మదురై నగరాలలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ల్యాండ్‌లైన్ నంబరు ఒక చిరునామా వంటిది. పీలమేడులోని పంపుసెట్ల కార్ఖానా బోర్డు మీదా, మదురై మాసి వీధులలోని బట్టల కొట్టు బిల్లు పుస్తకం మీదా, ఇంటి శుభలేఖల మీదా అచ్చయి ఉండేది ఆ నంబరే. ఉద్యోగరీత్యా దూరదేశాలకు వెళ్ళిన పిల్లలకు కంఠస్థమై ఉండేదీ ఆ నంబరే. మొబైల్ నంబరును 2011 నుండి దేశమంతటా ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మార్చుకొనే వీలున్నది. ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ వీలు అమలులోకి రాలేదు. కనుక ఒకసారి చేజారిన నంబరు మళ్ళీ దొరకడం కష్టం.

నేడు ఆ నంబరు రాగి తీగను విడిచి ఫైబరు మీదికి, అంటే ఇంటర్నెట్ మీదికి మారుతున్నది. ఈ సందర్భంలో చాలామంది ఒక ప్రశ్న అడుగుతున్నారు: సంస్థవారు ఇచ్చిన పెట్టెనే వాడాలా, మన సొంత పరికరం పెట్టుకోవచ్చునా? మన ఊళ్ళలో ఈ ప్రశ్న పుట్టడం సహజం. జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో విద్యుత్ మోటారును తయారు చేసిన గడ్డ కోయంబత్తూరు. పరికరాన్ని విప్పి చూడనిదే నమ్మని అలవాటు మనకు అక్కడినుండే వచ్చినదేమో! ఆ అలవాటు మంచిదే. అయితే ఏది విప్పవచ్చునో, ఏది విప్పరాదో తెలిసి ఉండాలి.

రాగి తీగ కాలంలో టెలిఫోను ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి సుమారు 48 వోల్టుల విద్యుత్తు అదే తీగ మీద మన ఇంటికి వచ్చేది. అందువల్లనే వీధి అంతా చీకటైనా ఫోను పలికేది. ఫైబరు గాజు తీగ. దానిలో ప్రయాణించేది వెలుగే కాని విద్యుత్తు కాదు. ఆ వెలుగును ఇంటర్నెట్‌గానూ, మాటగానూ మార్చేందుకు సంస్థవారు గోడకు ఒక పెట్టె బిగిస్తారు. దాని పేరు ఓఎన్‌టీ. వాడుకలో మోడెమ్ అంటున్నాము. దాని వెనుక ఫోను తీగ గుచ్చే చిన్న రంధ్రం ఉంటుంది. మన నంబరు పలికేది అక్కడ.

ఆ రంధ్రానికి ఇటువైపు ఉన్నదంతా మన ఇష్టం. ఇంట్లో ఉన్న పాత బటన్ ఫోనును నిస్సందేహంగా తగిలించవచ్చు. వేలితో చక్రం తిప్పే ఫోనులను మాత్రం అనేక పెట్టెలు గుర్తించవు. ఒకే రంధ్రానికి నాలుగైదు ఫోనులు కలిపితే గంట మోగకపోవచ్చు, ఎందుకంటే వాటన్నిటినీ మోగించే శక్తి ఆ చిన్న పెట్టెకు ఉండదు. మరొక ముఖ్య విషయం: ఇంటిలోని పాత ఫోను వైరింగును ఈ పెట్టెకు కలిపే ముందు, బయటినుండి వచ్చే పాత రాగి తీగను పూర్తిగా విడదీయాలి. ఆ తీగలో ఇంకా విద్యుత్తు ఉంటే పెట్టె పాడవుతుంది.

వైఫై బాగా అందడానికి సొంత రౌటరు కొనుక్కోవడం కూడా ఇబ్బంది లేని పని. సంస్థ పెట్టెను దాని చోటనే ఉంచి, దాని తరువాత మన రౌటరును కలపాలి. ఫోను తీగ మాత్రం సంస్థ పెట్టెలోనే ఉండనివ్వాలి. చాలా ఇళ్ళకు ఈ ఏర్పాటు సరిపోతుంది.

అసలు చిక్కు సంస్థ పెట్టెనే తీసివేసి మన పెట్టె పెట్టుకోదలచినప్పుడు వస్తుంది. అక్కడ రెండు తాళాలున్నాయి. మొదటిది పెట్టె సీరియల్ నంబరు. దానిని సంస్థ తన వద్ద నమోదు చేసుకొంటే తప్ప ఇంటర్నెట్ రాదు. రెండవది ఫోను ఖాతా. సిప్ అనే పద్ధతిలో ఆ ఖాతాకు ఒక యూజర్ పేరు, పాస్‌వర్డు, సర్వర్ చిరునామా ఉంటాయి. సంస్థ వీటిని తన కేంద్రం నుండే పెట్టెలోకి పంపుతుంది. సాధారణంగా వినియోగదారునికి తెలియజేయదు. అందువల్ల మొదటి తాళం తెరుచుకొని రెండవది తెరుచుకోని స్థితి ఏర్పడవచ్చు. ఇంటర్నెట్ చక్కగా వస్తుంది, ఫోను మాత్రం మూగబోతుంది. ఇంటర్నెట్ వస్తున్నది గదా అని పాత పెట్టెను తిరిగి ఇచ్చివేసిన వారికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ లోపల దుకాణానికి రావలసిన ఆర్డర్లూ, ఇంటికి రావలసిన కబుర్లూ రాకుండా పోతాయి.

పాస్‌వర్డు ఇవ్వకపోవడానికి సంస్థల వద్ద ఒక కారణం లేకపోలేదు. అది పరుల చేతిలో పడితే వారు మన పేరున విదేశాలకు కాల్స్ చేయగలరు. అయితే దీనికి వేరొక మార్గమూ ఉన్నది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుండి వినియోగదారుడు తన సొంత రౌటరును పెట్టుకోవచ్చునని చట్టం చెప్పింది. దానికి కావలసిన ఫోను ఖాతా వివరాలను సంస్థలే ఇవ్వాలి. మన వద్ద ఇది నేటికీ సంస్థ విధానం మీద ఆధారపడిన విషయం. కనుక కొనడానికి ముందే అడగాలి, జవాబును వ్రాతపూర్వకంగా పొందాలి.

మూడు ప్రశ్నలు చాలు. నా సొంత ఓఎన్‌టీని నమోదు చేస్తారా? దానిలో ఫోను కూడా పలికేటట్లు చేసే బాధ్యత ఎవరిది? పాత రాగి లైను నంబరే కొనసాగుతుందా? మూడింటికీ స్పష్టమైన సమాధానం రానిదే పాత కనెక్షను రద్దుకు సంతకం పెట్టవద్దు. సంస్థ పెట్టెకు డిపాజిట్టు కట్టి ఉంటే, తిరిగి ఇచ్చినప్పుడు రసీదు తీసుకొనండి. జవాబు రాకపోతే ఫిర్యాదు కేంద్రంలో ఫిర్యాదు సంఖ్య తీసుకొని, అక్కడ న్యాయం జరగకపోతే ఆ సంస్థకే చెందిన అప్పీలు అధికారికి వ్రాయవచ్చు.

అమెరికా నుండి బంధువులు తెచ్చే కార్డ్‌లెస్ ఫోనుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అక్కడి డెక్ట్ 6.0 ఫోనులు 1920 నుండి 1930 మెగాహెర్ట్జ్ తరంగాలను వాడతాయి. మన దేశంలో ఆ భాగం మొబైల్ సేవలకు కేటాయించినది. ఆ ఫోను వాడితే చుట్టుపక్కల మొబైల్ సేవకు ఆటంకం కలుగుతుంది. పైగా అక్కడి అడాప్టర్లలో కొన్ని 120 వోల్టులకే చేసినవి, మన 230 వోల్టులకు కాలిపోతాయి.

సిప్ వివరాలు లభించి సొంత ఐపీ ఫోను పెట్టుకొన్నవారు దాని పాస్‌వర్డును వెంటనే మార్చాలి. మాట నడవడానికి పెద్ద వేగం అక్కరలేదు. ఒక కాల్‌కు ఒక్కొక్క దిశలో సుమారు 100 కిలోబిట్లు చాలు. మాట తెగుతున్నదంటే వేగం కన్న ముందు వైఫైని, తీగలను అనుమానించాలి.

చివరిగా అన్నిటికన్న ముఖ్యమైన మాట. పెట్టె మనదైనా, సంస్థదైనా, కరెంటు పోతే ఫోను పోతుంది. వృద్ధులు ఒంటరిగా ఉన్న ఇంట్లో ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. పెట్టె అడాప్టరు మీద వ్రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి, వాటికి సరిపడే చిన్న యూపీఎస్ అమర్చండి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో పెట్టెను ఆ లైనులోనే కలపండి. తరువాత ఒక పగటి పూట మెయిన్ స్విచ్ ఆపి, ఫోనులో డయల్ టోన్ వస్తున్నదో లేదో విని చూడండి. ఏదైనా మొబైల్‌కు ముందు సున్నా చేర్చి కాల్ చేసి చూడండి. 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైన్ నుండి మొబైల్‌కు అలాగే చేయాలి. 112 నంబరును పెద్ద అక్షరాలతో వ్రాసి ఫోను పక్కన అతికించండి. అయినా చార్జి చేసిన మొబైల్ ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

సొంత పరికరం వద్దని నేను చెప్పడం లేదు. ఫోను, వైరింగు, రౌటరు, బ్యాటరీ, ఇవన్నీ మనవి చేసుకొందాము. నంబరును పలికించే పెట్టెను మాత్రం సంస్థతో మాట తేల్చుకొన్న తరువాతనే మార్చుదాము. పెట్టె పోతే మరొకటి కొనుక్కోవచ్చు, నంబరును కొనుక్కోలేము.