పొగ రంగేమిటి, కుదుపు ఎప్పుడు?

అరిజోనాలోని చాండ్లర్‌లో పికప్ ట్రక్కు నడిపే మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

బండి పొగ వదులుతోందా? ముందు రంగు చూడండి. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే ఇంధనం ఎక్కువవుతోంది, లేదా గాలి చాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. తెల్ల పొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోతే అది వట్టి ఆవిరి. ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే మాత్రం కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందేమో! ఇక బండి నడపొద్దు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

ఇప్పుడు కుదుపు. అది ఎప్పుడొస్తోంది? గేరు మారేటప్పుడా? ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చూపించండి. అరిజోనా ఎండలో బరువు లాగుతూ ఫ్లాగ్‌స్టాఫ్ ఘాట్ రోడ్డు ఎక్కితే ఆ ఆయిల్ కాగిపోయి త్వరగా పాడవుతుంది. బండి కదలగానే కింద టక్కుమంటోందా? డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే తడబడుతోందా? స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి. అప్పుడు చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతుంటే, బండి పక్కకు ఆపేయండి. లేకపోతే ఖరీదైన కెటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు.

ఫీనిక్స్ ప్రాంతంలో చాలా బండ్లకు పొగ పరీక్ష తప్పదు కదా! రిపేరుకు రిజిస్ట్రేషన్ గడువు దాకా ఆగకండి.

మళ్లీ చెబుతున్నాను. పొగ ఏ రంగు? కుదుపు ఎప్పుడు? ఈ రెండూ రాసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. అక్కర్లేని పార్టులు మార్పించే ఖర్చు తప్పుతుంది.