గుస్తావ్ మాలర్: స్వరరచన, బృందసారథ్యము

మన సంగీత సభలలో వాద్యములన్నిటిని ముందు నిలిచి నడపు వ్యక్తి వేరొకడుండడు. గాయకుని చేతి తాళమే పక్కవాద్యములకు దారి చూపును. పాశ్చాత్య వాద్యబృందమున నట్లు కాదు. అరువది డెబ్బదిమంది కూర్చుండి, ఎవరి స్వరపత్రమును వారు చూచి వాయింతురు. కృతినంతటిని ఎదుట నుంచుకొని, ఎవ్వరెప్పుడు ప్రవేశింపవలెనో, ఎంత బిగ్గరగా, ఎంత మెల్లగా వాయింపవలెనో చేతికర్రతో సూచించువాడు కండక్టరు. అతనిని మనము బృందసారథి యందము. కృతిని వ్రాయువాడు స్వరకర్త. ఈ రెండు పనులను ఒక్కడే చేయబూనినచో, ఒకటి రెండవదానిని మ్రింగివేయునా, పోషించునా? ఈ ప్రశ్నకు గుస్తావ్ మాలర్ యౌవనమును మించిన యుదాహరణము అరుదు.

మాలర్ 1860 జూలై 7వ తేదీన, నేటి చెక్ దేశములోని కలిష్టె గ్రామమున జన్మించెను. 1875లో, పదునైదవ యేట, వియన్నా సంగీత విద్యాలయమున చేరెను. ఇరువదవ యేట గాయకులకును వాద్యబృందమునకును ఒక పెద్ద కథాగేయమును వ్రాసి, బెతోవెన్ బహుమతికి పంపెను. 1881లో ఆ బహుమతి అతనికి దక్కలేదు. న్యాయనిర్ణేతలలో సుప్రసిద్ధుడైన బ్రామ్స్ ఒకడు. అది లభించియున్నచో తాను నాటకశాలల చాకిరిలో చిక్కకుందునని మాలర్ తరువాత చెప్పుకొనెను. కాని 1880 వేసవిలోనే, బాడ్ హాల్ అను చిన్న పట్టణములో, తేలిక గేయనాటకములు నడపు నుద్యోగమున అతడు చేరియుండెను. బహుమతి రాకముందే బ్రతుకుతెరువు అతనిని పిలిచినది.

అటుపిమ్మట 1881లో లైబాఖ్, 1883లో ఓల్ముట్స్, కాసెల్, 1885లో ప్రాగ్, 1886లో లైప్జిగ్: ఇట్లు ఊరూరు తిరిగెను. పగలు అభ్యాసము, రాత్రి ప్రదర్శనము. ఇక వ్రాయుట ఎప్పుడు? 1888 మార్చిలో జర్మనీ చక్రవర్తి మొదటి విల్హెల్ము మరణించగా, సంతాపసూచకముగా నాటకశాలలు కొన్ని దినములు మూతపడెను. ఆ విరామముననే మాలర్ తన మొదటి సింఫనీని ముగింపగలిగెను. దేశమునకు దుఃఖదినములైనవి ఆ యువకునకు తీరిక దినములైనవి!

కాని చాకిరి యిచ్చిన లాభము కూడ చిన్నది కాదు. 1889 నవంబరు 20వ తేదీన బుడాపెస్టులో ఆ సింఫనీని అతడే నడపెను. శ్రోతలు ఆదరింపలేదు. మాలర్ మాత్రము తాను వ్రాసినదానిని తన చెవులతో వినెను. కాగితముపై నిండుగా కనబడు వేణునాదము సభలో బాకాల ధాటికి అణగిపోవచ్చును. ఈ సంగతి గదిలో కూర్చుండి వ్రాయువానికంటె, బృందము నెదుట నిలిచినవానికి త్వరగా తెలియును. 1893లో దానిని సవరించి హాంబర్గులో వినిపించెను. 1896లో బెర్లినులో వినిపించునాటికి అయిదు భాగములలో నొకదానిని తొలగించెను. అతని స్వరపత్రముల నిండ తొందరపడవలదు, ఇచట మెల్లగా అనునట్టి హెచ్చరికలు కనబడును. ఇతర సారథులు ఎచట పొరబడుదురో స్వయముగా సారథియైన అతనికి తెలియును.

లోకము మాత్రము ఒక చేతిని మెచ్చి, రెండవ చేతిని త్రోసివేసినది. హాంబర్గులో సుప్రసిద్ధ సారథి హాన్స్ ఫాన్ బ్యూలో మాలర్ సారథ్యమును ఎంతయో శ్లాఘించెను. అతడే 1891లో, తరువాత రెండవ సింఫనీకి మొదటి భాగమైన రచనను మాలర్ పియానోపై వినిపించుచుండగా, చెవులు మూసికొనెను. అయినను మాలర్ కలము విడువలేదు. 1893 మొదలు వేసవి సెలవులలో ఆటర్ సరస్సు గట్టున స్టైన్బాఖ్ గ్రామమున మకాముండి, 1894లో అచట ఒక చిన్న కుటీరమును కట్టించుకొని, రెండవ సింఫనీని ఆ యేడే పూర్తిచేసెను. 1895 డిసెంబరు 13వ తేదీన బెర్లినులో దానిని తానే నడపి జయము పొందెను. 1897లో వియన్నా రాజాస్థాన గేయనాటకశాలకు అధిపతి యైన తరువాతను వేసవియే అతని రచనాకాలము.

1911 మే 18వ తేదీన, ఏబదియేండ్ల వయసున, మాలర్ మరణించెను. తొమ్మిదవ సింఫనీని అతడు వినలేదు. 1912లో వియన్నాలో శిష్యప్రాయుడైన బ్రూనో వాల్టర్ దానిని మొదటిసారి నడపెను. విని సవరించుటయే అలవాటైనవానికి ఆ కృతి విషయమున ఆ యవకాశము చిక్కలేదు. అతడు విన్నచో ఏ స్వరమును మార్చియుండెనో మనకు తెలియదు. సారథ్యము మాలర్ కాలమును హరించినది, నిజమే. కాని దానికి బదులుగా అతని కలమునకు ఒక చెవిని ప్రసాదించినది.