బొడ్డు కోసిన చేతికి సర్టిఫికెట్టు ఎందుకు లేదు?

(మానుకోటలో పది, ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్లం. మా ఇండ్లల్లో డిగ్రీ మొఖం చూసినోళ్లలో మేమే మొదటోళ్లం. పది పాసయిన పిల్లను ఎటు పంపాలె, ఇంటర్ పాసయిన పిల్లగాన్ని ఏ కోర్సుల చేర్పియ్యాలె అని మీరు మమ్మల్ని అడుగుతున్నరు. అందుకే ఈ రోజు ఆసుపత్రి చదువుల గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక పాత ముచ్చట. దొర ఇంట్లో కాన్పుకు ఎవరిని పిలిచిండ్రు? మాదిగవాడ మంత్రసానిని పిలిచిండ్రు. అర్ధరాత్రి అయినా, వాన కొడుతున్నా పోవాల్సిందే. బొడ్డు కోసింది ఆమె. మాయ పాతిపెట్టింది ఆమె. ఆ గుడ్డలు ఉతికింది చాకలి అక్క. ఊరోళ్ల గడ్డలు కోసింది మంగలన్న. బిడ్డ బయటపడేదాకా ఆమె చెయ్యి కావాలె. బయటపడినాక అదే చెయ్యి మైల. ఇల్లు శుద్ధి చేసుకుని, ఆమెను వాకిట్ల నిలబెట్టి చాటల గింజలు పోసిండ్రు.

అదే నెత్తురు ఇప్పుడు గాజు సీసాలకు ఎక్కింది. దానికి యంత్రం వచ్చింది, కోర్సు వచ్చింది, జీతం వచ్చింది. చిత్రంగా మైల పోయింది! కూలి లేనప్పుడు మనకు వదిలేసిన పని, జీతం వచ్చేసరికి అందరి పని అయింది. మనం మాత్రం గేటు బయట నిలబడ్డం.

ఈ పని మనకు కొత్త కాదు. 1897లో పూణేలో ప్లేగు వస్తే సావిత్రిబాయి ఫూలే రోగులకు సేవ చేస్తూ అదే రోగం తగిలి మార్చి 10న కన్నుమూసింది. మన పక్కన డోర్నకల్ ఉంది. 1912లో అజరయ్య అక్కడ బిషప్పు అయిండు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. మాల మాదిగలు వేల మంది ఆ సంఘంలో చేరిండ్రు. నర్సు పనిని పెద్దకులాలు నీచంగా చూసిన రోజుల్లో మిషన్ ఆసుపత్రుల్లో తెల్లబట్టలు కట్టి రోగిని ముట్టినోళ్లలో మన క్రైస్తవ ఆడబిడ్డలు ఉన్నరు. వాళ్ల జీతంతోనే ఎన్నో ఇండ్లల్లో మొదటి పలక బలపం వచ్చింది.

ఇప్పటి సంగతి చూద్దాం. 2016లో మానుకోట జిల్లా అయింది. 2022లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. 2023లో జనగామకు, భూపాలపల్లికి కూడా వచ్చినయి. భవనం మన దగ్గరికొచ్చింది, మంచిదే. కానీ ఏ ఆసుపత్రికైనా పోయి చూడండి. ఊడ్చేది ఎవరు, స్ట్రెచర్ తోసేది ఎవరు? ఏజెన్సీ కింద పనిచేసే మనోళ్లే. నెత్తురు పరీక్ష చేసే గదిలో, ఎక్స్‌రే గదిలో, డయాలసిస్ మిషన్ దగ్గర, ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు పక్కన మనోళ్లు ఎంతమంది ఉన్నరో లెక్కపెట్టండి.

"మా పిల్లలు డాక్టర్లు కావొద్దా, ఎప్పుడూ చిన్న కొలువేనా?" అని ఒక తమ్ముడు అడిగిండు. న్యాయమైన ప్రశ్న. డాక్టరు సీటు కొట్లాట మానేది లేదు. కానీ రిపోర్టు తప్పయితే డాక్టరు చీటీ కూడా తప్పే. అది చిన్న పని ఎట్లయితది?

ఇక మోసం సంగతి. "ఆరు నెలల కోర్సు, ఉద్యోగం గ్యారంటీ" అని బస్టాండు గోడల మీద కాగితాలు అంటిస్తున్నరు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం ఏమంటుందంటే, డిప్లొమాకైనా రెండేండ్లకు తక్కువ కాకుండా కనీసం 2,000 గంటల చదువు ఉండాలె. ఆరు నెలల కాగితం పట్టుకుపోతే పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రేషన్ లేకుంటే సర్కారు కొలువుకు దరఖాస్తే లేదు.

ఇంకో మోసం మేము కండ్లారా చూసినం. మా బడిలో చదివిన ఒక బిడ్డ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా మంచి మార్కులతో పాసయింది. 2024 సెప్టెంబరులో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. ఆమె పది మెమో, ఇంటర్ మెమో, డిప్లొమా అన్నీ కాలేజీ బీరువాలోనే ఉన్నయి. స్కాలర్‌షిప్ పైసలు సర్కారు ఇయ్యలేదు కాబట్టి కాగితాలు ఇయ్యం అన్నరు. సర్కారు బాకీకి మన బిడ్డ తాకట్టు! మేము నలుగురం పోయి ఆ ఆఫీసు ముందు కూర్చున్నం. మెమోలు చేతికొచ్చేసరికి గడువు దాటింది. ఆ బిడ్డ ఇప్పుడు ఒక ప్రైవేటు ల్యాబులో చేస్తున్నది. దానికి మేమూ బాధ్యులమే. చేర్పించేటప్పుడే ఒరిజినల్స్ సంగతి అడిగి ఉండాల్సింది.

అందుకే చెప్తున్నం. పదిలో సైన్సు అంటే భయపడి పిల్లలను వేరే గ్రూపులకు తోయకండి. సర్కారు పారామెడికల్ సీట్లకు ఇంటర్ బైపీసీ వాళ్లదే ముందు వరుస. కాలేజీలో పైస కట్టేముందు పారామెడికల్ బోర్డు జాబితాలో దాని పేరు ఉందో లేదో చూడండి. ఒరిజినల్స్ చూపించండి, వెనక్కి తెచ్చుకోండి. ప్రతి పైసకు రశీదు అడగండి. నోటీసు బోర్డు మీది కాగితం వాడకు, తండాకు నడిచి రాదు. దాన్ని తెచ్చి చదివి వినిపించే పని మా పంతుళ్లది.

స్కాలర్‌షిప్ బకాయిలు వెంటనే ఇయ్యాలె. సర్టిఫికెట్లు ఆపే కాలేజీల మీద చర్య తీసుకోవాలె. ఏజెన్సీ కొలువులు పోయి పర్మినెంటు కొలువులు రావాలె. వీటి కోసం కలెక్టరేటుకు పోదాం, మీరూ రండి.

ఊరందరి బొడ్డు కోసిన అవ్వ వేలిముద్ర వేసి చచ్చిపోయింది. ఆమె మనుమరాలు రిపోర్టు కింద సంతకం పెట్టాలె. ఆ సంతకం దాకా మన కొట్లాట ఆగొద్దు.

జై భీమ్!